మిల్లు సర్వర్‌లో సి డ్రైవ్ నిండిపోతే: ఏది తీయాలి, ఏది ముట్టుకోకూడదు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది. మండపేట దగ్గర రైస్ మిల్లు. 2014లో కొన్న టవర్ సర్వర్, విండోస్ సర్వర్ 2012 ఆర్2. సి డ్రైవ్ 100 జీబీలో 1.8 జీబీ మిగిలింది. డి డ్రైవ్ 400 జీబీలో 30 మిగిలింది. ట్యాలీ, కాటా సాఫ్ట్‌వేర్ తాలూకు ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే డేటాబేస్ ప్రోగ్రాం) డేటాబేస్, ఆఫీసు ఫైళ్ళు అన్నీ దాంట్లోనే. మొన్న లారీ కాటా మీద నిలబడి ఉండగా స్లిప్పు సేవ్ కాలేదు. టెంప్ ఫైళ్ళు తీసేస్తే రెండు రోజులు నడిచి మళ్ళీ డ్రైవ్ ఎర్రగీతకి వచ్చేస్తోంది. దాళ్వా ధాన్యం దిగడానికి మూడు వారాలే టైముంది. ఏవి డిలీట్ చేయొచ్చని మీ ప్రశ్న.

భీమవరం, పాలకొల్లు, తణుకు, రామచంద్రపురం చుట్టుపక్కల మిల్లులు, మేత డీలర్లు, రొయ్యల ప్లాంట్ల సర్వర్లు చూడబట్టి నాకు ఇరవై ఏళ్ళు దాటింది. ఇలాంటి కేసులో ఏవి తీసేయాలో తర్వాత చూసుకోవచ్చు, ముందు ఏది పెరుగుతోందో పట్టుకోవాలి. పైపైన గుర్రపుడెక్క లాగేస్తే కాలువ ఆ రోజుకి శుభ్రంగానే కనబడుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ కమ్మేస్తుంది. రెండు రోజుల్లో మళ్ళీ నిండుతోందన్న ఆ ఒక్క మాటలోనే సగం జవాబు ఉందండి. ఊరికే పాత ఫైళ్ళు పేరుకుపోతే డ్రైవ్ అంత వేగంగా నిండదు. ఏదో ఒకటి ఇప్పుడు కూడా రాసుకుంటూనే ఉంది.

ఏదైనా ముట్టుకునే ముందు రెండు పనులున్నాయి. మొదటిది, సర్వర్ ముందు కూర్చుని డిస్క్ లైట్లు చూడండి. టవర్ సర్వర్లలో చాలావరకు రెండు డిస్కులు జతగా, ఒకదానికి ఒకటి నకలుగా నడుస్తుంటాయి. ఒకటి పోయినా సర్వర్ ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంటుంది, పసుప్పచ్చ లైటు మాత్రం మినుకుమంటుంది. ఆ లైటు నెలల తరబడి వెలుగుతున్నా ఎవరూ పట్టించుకోని ఆఫీసులు నేను చాలా చూశాను. మిగిలిన ఆ ఒక్క డిస్కు మీద రాత్రంతా కాపీలు, క్లీనింగులు నడిపితే అది కూడా పోవచ్చు. మిల్లులో ఇంకో బాధ ఉంది. సర్వర్ మూత తీస్తే లోపల మెత్తటి తవుడు పొర వేలి మందాన ఉంటుంది, ఫ్యాన్ రెక్కలకి, హీట్‌సింక్ సందులకి పట్టేసి. వేడికి డిస్కుల ఆయుష్షు తగ్గిపోతుంది. ఆదివారం ఆపి, బ్లోయర్‌తో దులిపి, మళ్ళీ పెట్టండి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ తిరక్కుండా వేలితో పట్టుకోండి.

రెండోది బ్యాకప్. డి డ్రైవ్‌లో ఉన్న కాపీని నేను బ్యాకప్ కింద లెక్కవేయను. సి, డి రెండూ మామూలుగా ఒకే డిస్కుల జత మీద గీసిన గీతలు. బయటి హార్డ్‌డిస్క్ ఒకటి కొనండి. ట్యాలీ డేటా ఫోల్డర్, ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఫుల్ బ్యాకప్, ఆఫీసు ఫైళ్ళు దాంట్లోకి వెళ్ళాలి. ఎస్‌క్యూఎల్ నడుస్తుండగా దాని ఫైళ్ళను ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ కొట్టడం కుదరదు, ఎస్‌క్యూఎల్‌ని నడిపించే మేనేజ్‌మెంట్ స్టూడియో అనే ప్రోగ్రాంలోంచే బ్యాకప్ తీయాలి. తీశాక ఆ బ్యాకప్‌ని వేరే కంప్యూటర్‌లో రిస్టోర్ చేసి, నిన్నటి కాటా స్లిప్పు ఒకటి తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. ఈ పని అయ్యేదాకా కింద రాసినదేదీ మొదలుపెట్టొద్దు.

ఇప్పుడు కొలత. ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూపించే ప్రోగ్రాం, ట్రీసైజ్ ఫ్రీ గానీ విన్‌డిర్‌స్టాట్ గానీ తీసుకుని, తప్పకుండా అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. మామూలుగా నడిపితే కొన్ని ఫోల్డర్లు కనబడవు, లెక్క పదుల జీబీలు తక్కువ వస్తుంది. సి డ్రైవ్ మొత్తం స్కాన్ చేసి పెద్ద ఫోల్డర్లు పది కాగితం మీద రాసుకోండి. మర్నాడు అదే టైముకి మళ్ళీ స్కాన్ చేసి పక్కన రాయండి. పెరిగింది ఎవరో కాగితమే చెబుతుంది.

మీ లక్షణాలు చూస్తే నాకు ఇద్దరి మీద అనుమానం.

ఒకటి విండోస్ ఫోల్డర్ లోపలి టెంప్. దాంట్లో క్యాబ్ అనే పేరుతో మొదలయ్యే పెద్ద పెద్ద ఫైళ్ళు గుట్టలుగా ఉన్నాయేమో చూడండి. ఇది పాత విండోస్ సర్వర్లకి బాగా తెలిసిన జబ్బు. అప్‌డేట్లు వేసే విభాగం తన చిట్టాని విండోస్‌లో లాగ్స్ కింద సీబీఎస్ అనే ఫోల్డర్‌లో రాసుకుంటుంది. చిట్టా పెరిగినప్పుడు దాన్ని కుదించి క్యాబ్ ఫైలు చేయాలి. ఏదో కారణంగా ఆ చిట్టా 2 జీబీ దాటిపోతే కుదించే ప్రోగ్రాం ఫెయిలవుతుంది. ఫెయిలైన ప్రతిసారీ సగం తయారైన ఫైలుని టెంప్‌లో వదిలేసి, కాసేపటికి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మీరు టెంప్ తుడిచేస్తారు, అది మళ్ళీ నింపుతుంది. అసలు కారణం టెంప్‌లో లేదు, సీబీఎస్ ఫోల్డర్‌లో ఉంది. సర్వీసెస్‌లో విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ ఆపి, సీబీఎస్‌లోని పాత చిట్టాలు తీసి, టెంప్‌లోని క్యాబ్ ఫైళ్ళు తీసి, సర్వీసు మళ్ళీ మొదలుపెట్టండి. ఈ చిట్టాలు పోతే నష్టమేమీ లేదు. అప్‌డేట్ నడుస్తున్న టైములో మాత్రం చేయకండి.

రెండోది, మన ఊళ్ళ ఆఫీసుల్లో నాకు ఎక్కువసార్లు దొరికినది, ఎస్‌క్యూఎల్ లాగ్ ఫైలు. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే జనం దెబ్బ తినేది ఇక్కడే.

ప్రతి డేటాబేస్‌కి రెండు ఫైళ్ళుంటాయి. ఎండీఎఫ్ అని ముగిసేది డేటా, ఎల్‌డీఎఫ్ అని ముగిసేది లాగ్. కాటాలో స్లిప్పు సేవ్ కొడితే ఆ మార్పు ముందు లాగ్‌లో పడుతుంది, ఆ తర్వాతే డేటా ఫైల్లోకి. మధ్యలో కరెంటు పోతే సర్వర్ మళ్ళీ లేచినప్పుడు లాగ్ చదువుకుని లెక్క సరిచేసుకుంటుంది. పేరుకి లాగ్ అయినా అది డేటాబేస్‌లో సగం. ఆరేడేళ్ళ కిందట ఒక రొయ్యల మేత డీలరు దగ్గర సి డ్రైవ్ నిండిపోయింది. డేటా ఫైలు ఒకటిన్నర జీబీ, లాగ్ ఫైలు 60 జీబీ. అక్కడి కుర్రాడు, లాగ్ అంటే పాత చిట్టాయే కదా అనుకుని, ఎస్‌క్యూఎల్ సర్వీసు ఆపి ఎల్‌డీఎఫ్ ఫైలు డిలీట్ కొట్టేశాడు. డిస్కు నిండి అప్పటికే పనులు సగంలో ఆగి ఉన్నాయి. సర్వీసు మొదలుపెట్టేసరికి డేటాబేస్ పక్కన రికవరీ పెండింగ్ అని పడింది, ఇక తెరుచుకోలేదు. చివరి బ్యాకప్ పదకొండు రోజుల కిందటిది, పెన్‌డ్రైవ్‌లో దొరికింది. మేత అప్పు మీద తీసుకెళ్ళి పట్టుబడి అయ్యాక కట్టే రైతుల ఖాతాలు అవి. ముగ్గురం కూర్చుని కార్బన్ కాపీల బిల్లు పుస్తకాలు చూస్తూ రెండు రాత్రుళ్ళు ఎంట్రీలు కొట్టాం. ఇద్దరు రైతుల జమకి ఆఫీసులో కాపీ దొరకలేదు. వాళ్ళ చేతిలో ఉన్న రసీదులు తెప్పించుకుని రాసుకున్నారు. ఎల్‌డీఎఫ్ ఫైలుని ఎక్స్‌ప్లోరర్‌లోంచి డిలీట్ చేయడం ఎప్పటికీ వద్దు, ఎంత తొందరలో ఉన్నా సరే.

మరి లాగ్ అంత ఎందుకు పెరుగుతుంది? డేటాబేస్‌కి రికవరీ మోడల్ అని ఒక సెట్టింగు ఉంటుంది. ఫుల్ అని ఉంటే, లాగ్ బ్యాకప్ విడిగా తీసేదాకా పాత మార్పులన్నీ లాగ్‌లోనే అట్టే ఉంటాయి. మామూలు ఫుల్ బ్యాకప్ రోజూ తీసినా లాగ్ ఖాళీ కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. సింపుల్ అని ఉంటే పని ముగిసిన మార్పుల చోటు తిరిగి వాడుకుంటుంది, ఫైలు పెరగదు. ఎక్స్‌ప్రెస్‌లో కొత్తగా పుట్టే డేటాబేస్ సింపుల్‌లోనే పుడుతుంది. కానీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు తమ ఆఫీసులో తయారుచేసిన డేటాబేస్ బ్యాకప్‌ని తెచ్చి మీ దగ్గర రిస్టోర్ చేస్తారు. అది అక్కడ ఫుల్‌లో ఉంటే ఇక్కడా ఫుల్‌లోనే ఉంటుంది. పైగా ఎక్స్‌ప్రెస్‌లో ఎస్‌క్యూఎల్ ఏజెంట్ (పనుల్ని టైముకి నడిపే భాగం) లేదు, లాగ్ బ్యాకప్ దానంతటది తీసే ఏర్పాటు ఉండదు. ఇంకో విచిత్రం ఏమిటంటే, ఫుల్ మోడల్‌లో ఉన్నా మొదటి ఫుల్ బ్యాకప్ తీసేదాకా లాగ్ పెద్దగా పెరగదు. ఎవరో మంచి మనసుతో రోజూ బ్యాకప్ మొదలుపెట్టిన దగ్గర్నుంచే పెరుగుదల మొదలవుతుంది. బ్యాకప్ పెట్టాకే సర్వర్ పాడైందని ఓనరు గారు అన్న సందర్భాలకి వెనకున్న కారణం ఇదే.

చేయాల్సింది ఇది. రాత్రి కాటా మూసేశాక బయటి డిస్కులోకి ఫుల్ బ్యాకప్ తీయండి. డేటాబేస్ ప్రాపర్టీస్‌లో ఆప్షన్స్ కింద రికవరీ మోడల్ సింపుల్‌కి మార్చండి. తర్వాత టాస్క్స్, ష్రింక్, ఫైల్స్ లోకి వెళ్ళి, ఫైల్ టైప్ దగ్గర తప్పకుండా లాగ్ ఎంచుకుని, 500 ఎంబీకో 1 జీబీకో తగ్గించండి. ఒక్కోసారి మొదటిసారికి తగ్గదు, ఇంకోసారి చేయండి. డేటా ఫైలుని ష్రింక్ చేయొద్దు. చోటు కొంచెం మిగులుతుంది గానీ ఇండెక్సులు (డేటా త్వరగా వెతకడానికి ఉండే సూచికలు) చెల్లాచెదురై రిపోర్టులు నత్తనడక నడుస్తాయి. ఆటో గ్రోత్ (ఫైలు నిండినప్పుడు ఒక్కసారికి ఎంత పెరగాలన్న సెట్టింగు) పది శాతం అని ఉంటే దాన్ని 100 ఎంబీ లాంటి స్థిరమైన అంకెకి మార్చండి. సింపుల్ పెడితే మధ్యాహ్నం 2 గంటల 10 నిమిషాలకి ఉన్న స్థితి కావాలంటే రాదు, రాత్రి బ్యాకప్ దాకానే వెనక్కి వెళ్ళగలరు. మీరు లాగ్ బ్యాకప్‌లు ఎలాగూ తీయడం లేదు కాబట్టి కొత్తగా పోయేదేమీ లేదు. ఆ మధ్యాహ్నం నష్టం కూడా భరించలేమనుకుంటే ఫుల్‌లోనే ఉంచి, టాస్క్ షెడ్యూలర్‌తో గంటకోసారి లాగ్ బ్యాకప్ పెట్టుకోండి. రెంటిలో ఏది కావాలో ఓనరు గారిని అడిగి చేయండి, ఆయన వ్యాపారం కదా.

మీ స్లిప్పు సేవ్ కాకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఎస్‌క్యూఎల్ ఎక్స్‌ప్రెస్‌లో 2008 ఆర్2 నుంచి 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కి డేటా పరిమితి 10 జీబీ. లాగ్ దాంట్లోకి రాదు. డిస్కులో ఎంత ఖాళీ ఉన్నా ఆ గీత తగిలితే ఎంట్రీ పడదు. మీ ఎండీఎఫ్ ఫైలు ఎంత ఉందో ఇప్పుడే చూడండి. 8, 9 జీబీ ఉంటే సీజన్ మధ్యలో ఆగిపోతుంది. అలా ఉందంటే కాటా సాఫ్ట్‌వేర్ లారీ ఫోటోలను డేటాబేస్ లోపలే దాస్తోందని నా అనుమానం.

ఫోటోల లెక్క ఒకసారి వేద్దాం. రోజుకి 60 లారీలు, ట్రాక్టర్లు కాటా ఎక్కాయనుకోండి. లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి, ప్రతిసారీ రెండు కెమెరాలు. 240 ఫోటోలు. ఫోటో 300 కేబీ అయితే రోజుకి 72 ఎంబీ. సార్వా, దాళ్వా కలిపి 150 రోజులు నడిస్తే దాదాపు 11 జీబీ. పదేళ్ళకి మీ సి డ్రైవ్ కంటే పెద్దది. ఎవరికీ కనబడకుండా నిండే చోటు ఇది, ఎందుకంటే తగాదా వచ్చిన రోజు తప్ప ఆ ఫోటోలు ఎవరూ తెరవరు. విడి ఫైళ్ళుగా ఉంటే పాత సంవత్సరాలవి బయటి డిస్కులోకి మార్చేయొచ్చు. లక్షల ఫైళ్ళున్న ఫోల్డర్‌ని ఎక్స్‌ప్లోరర్‌లో లాగితే మధ్యలో బిగుసుకుపోతుంది, విండోస్‌తోనే వచ్చే రోబోకాపీ ఆదేశం వాడండి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ళ సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో చూసి, ఆ డిస్కుకి ఇంకో నకలు తీసి, అప్పుడు సర్వర్‌లోవి తీయండి. ఫోటోలున్న ఫోల్డర్‌ని జిప్ చేస్తే చోటు మిగలదు, అవి ముందే కుదించినవి. దానికంటే సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఫోన్ చేసి, నంబరు ప్లేటు చదవడానికి సరిపోయేంత నాణ్యతకి ఫోటో తగ్గించమనండి. నేను చూసిన ఒక మిల్లులో 300 కేబీ ఫోటో 80కి దిగింది, ప్లేటు స్పష్టంగానే కనబడింది.

విండోస్ సంగతి త్వరగా చెప్పేస్తాను. విండోస్ ఫోల్డర్‌లో మెమరీ డంప్ ఫైలు ఉంటే తీసేయండి, ఎప్పుడో సర్వర్ నీలి తెర పడినప్పటిది, కొన్ని జీబీలుంటుంది. సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ కింద డౌన్‌లోడ్ ఫోల్డర్, అప్‌డేట్ సర్వీసు ఆపి, ఖాళీ చేయొచ్చు. ఐఐఎస్ (విండోస్ వెబ్ సర్వర్) నడుస్తుంటే ఇనెట్‌పబ్ కింద లాగ్‌ఫైల్స్ చూడండి, అవి వాటంతటవి ఎప్పటికీ తొలగవు. మానేసినవాళ్ళ యూజర్ ప్రొఫైళ్ళు సిస్టమ్ ప్రాపర్టీస్‌లోంచే తీయాలి, ముందు వాళ్ళ డెస్క్‌టాప్ తెరిచి చూడండి, ఏదో ఒక ముఖ్యమైన ఎక్సెల్ అక్కడే దొరుకుతుంది. రీసైకిల్ బిన్ ప్రతి యూజర్‌కీ విడిగా ఉంటుంది, మీది ఖాళీ చేస్తే గుమస్తాది ఖాళీ కాదు.

విండోస్ లోపలి విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్ (విండోస్ భాగాలు, అప్‌డేట్లు ఉండే చోటు) చూసి కంగారు పడకండి. ఎక్స్‌ప్లోరర్ దాని సైజు ఎక్కువ చేసి చూపిస్తుంది, అక్కడి చాలా ఫైళ్ళు విండోస్‌లోని ఫైళ్ళకే రెండో పేర్లు. చేత్తో ఒక్క ఫైలు కూడా తీయొద్దు. డిస్మ్ అనే విండోస్ ఆదేశాన్ని స్టార్ట్ కాంపోనెంట్ క్లీనప్ అనే మాటతో నడిపితే పాత అప్‌డేట్ల ముక్కలు అదే తీసుకుంటుంది. రీసెట్ బేస్ కూడా కలిపితే ఇంకొంచెం మిగులుతుంది, కానీ ఇప్పటిదాకా వేసిన అప్‌డేట్లు వెనక్కి తీయలేరు. విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డర్ కూడా అలాగే, పనికిరాని ఫైళ్ళలా కనబడతాయి గానీ అవి తీస్తే తర్వాత ప్రోగ్రాంలు అప్‌డేట్ కావు, అన్‌ఇన్‌స్టాల్ కూడా కావు.

డి డ్రైవ్‌లో 370 జీబీ వాడారన్నారు గదా, ట్రీసైజ్ లెక్క 250 వచ్చిందనుకోండి, మిగతాది షాడో కాపీలు (ఫైళ్ళ పాత స్థితుల్ని విండోస్ దాచుకునే నకళ్ళు) అయ్యుండొచ్చు. డి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో షాడో కాపీస్ ట్యాబ్‌లో ఎంత తింటున్నాయో, హద్దు ఉందో లేదో చూడండి. నో లిమిట్ అని ఉంటే డిస్కులో పది శాతానికి కట్టేయండి. హద్దు తగ్గించగానే పాత కాపీలు వెంటనే పోతాయి, వాటిలోంచి ఎవరికైనా ఫైలు కావాలేమో ముందే అడగండి. ట్యాలీ బ్యాకప్‌లు తేదీల పేర్లతో ఏళ్ళవి పడి ఉంటాయి, బయటి డిస్కుకి పంపి నెలకొకటి ఉంచితే చాలు. చోటు కోసం ట్యాలీ కంపెనీని స్ప్లిట్ చేయాలని మాత్రం ఇప్పుడు అనుకోవద్దు. విడగొట్టేటప్పుడు పాతదీ కొత్తవీ అన్నీ ఉంటాయి కాబట్టి చోటు తగ్గకపోగా పెరుగుతుంది. ఆడిట్ ముగిశాక, డేటా వెరిఫై చేశాక చేసే పని అది.

పాతవి తీసేటప్పుడు ఆడిటర్ గారిని అడగకుండా ఏ సంవత్సరం లెక్కలూ చెరపొద్దు. జీఎస్‌టీ చట్టం ప్రకారం ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు ఉంచాలి. గడువు మామూలుగా డిసెంబరు 31 కాబట్టి, ఆర్థిక సంవత్సరం ముగిశాక దాదాపు ఆరేళ్ళ తొమ్మిది నెలలు. ఏదైనా కేసు నడుస్తుంటే ఇంకా ఎక్కువ. మీది కంపెనీగా రిజిస్టరయితే 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడిట్ ట్రెయిల్ తప్పనిసరి, ఎంట్రీ ఎవరు ఎప్పుడు మార్చారన్న ఆ చిట్టాని చోటు కోసం ఆపడం, తీయడం కుదరదు. పౌర సరఫరాల సంస్థకి బియ్యం ఆడించి ఇస్తుంటే, ఆ సీజన్ లెక్క తేలేదాకా కాటా స్లిప్పులు, ఫోటోలు సర్వర్‌లోనే ఉంచండి.

ఇవన్నీ చేస్తే సి డ్రైవ్‌లో 30, 40 జీబీ రావచ్చు, దాళ్వా గట్టెక్కుతుంది. సార్వా దాకా ఈ సర్వర్ మీదే ఉండొద్దని నా సలహా. 2012 ఆర్2కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబరు 10తో అయిపోయింది, డబ్బు కట్టి తీసుకునే పొడిగింపు కూడా 2026 అక్టోబరు దాకానే. ఇంటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ నేరుగా తెరిచి ఉంటే ఈ రోజే మూసేయండి. ఇలాంటి పాత సర్వర్ల ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగేవాళ్ళు లోపలికొచ్చే దారుల్లో అది ముఖ్యమైనది. సి డ్రైవ్‌ని పెద్దది చేద్దామన్నా, దాని వెంటనే డి ఉంది కాబట్టి విండోస్ ఒప్పుకోదు. కొత్త మెషిన్ కొన్నప్పుడు ఎస్‌క్యూఎల్ డేటాని విండోస్ ఉన్న డ్రైవ్‌లో పెట్టనివ్వకండి, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డీఫాల్టుగా సి లోకే పోతుంది.

బయటి డిస్కులు రెండు కొని వారం మార్చి వారం వాడండి. వాడని డిస్కు ఓనరు గారి ఇంట్లో, మేడ మీద ఉండాలి. 1996 నవంబరు తుఫాను చూసిన ప్రాంతం మనది, కింది గదిలో బీరువాలో పెట్టి తాళం వేస్తే సరిపోదు.

ఈ రాత్రి లైట్లు చూసి, ఎండీఎఫ్, ఎల్‌డీఎఫ్ ఫైళ్ళ సైజులు, సీబీఎస్ ఫోల్డర్ సైజు, ట్రీసైజ్ చూపించిన మొదటి పది ఫోల్డర్లు ఇక్కడ రాయండి. పసుప్పచ్చ లైటు వెలుగుతుంటే ఇంకేమీ చేయకుండా ముందు ఆ మాట చెప్పండి.